‘తమదైన శైలి’: నేర డాక్యుమెంటరీల్లో కథ చెప్పేదెవరు?

తెలుగు దినపత్రికలు చదివే వాళ్ళందరికీ తెలిసిన వాక్యం ఒకటుంది. ‘అదుపులోకి తీసుకుని తమదైన శైలిలో విచారించగా నిందితుడు నేరం అంగీకరించాడు.’ శైలి గురించి నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమే రాశాను గానీ, ఆ మాటకి ఈ అర్థం ఏ అలంకారశాస్త్రంలోనూ కనబడలేదు. లాకప్‌లో కొట్టారని రాయకుండా రాయడం ఇది. రాసిన విలేకరికి తెలుసు, చదివే మనకీ తెలుసు. తెలిసే, పక్క వార్తలోకి వెళ్ళిపోతాం.

ఈ భాష పత్రిక నుంచి టీవీకి చేరింది. 2000 తర్వాత తెలుగు ఛానళ్ళు పెరిగిన కాలంలో రాత్రి పది దాటాక వచ్చిన నేర కార్యక్రమాలు మనలో చాలామంది చూసినవే. గంభీరమైన గొంతు, నటులతో తిరిగి తీసిన హత్యా దృశ్యం, చివర్లో ముఖానికి ముసుగేసిన నిందితుడి పక్కన నిలబడ్డ ఇన్‌స్పెక్టర్. నేరం చేసింది మగవాడైతే ‘మృగాడు’, ఆడదైతే ‘కిలాడీ లేడీ’. మృగం అన్నాక ఆ మనిషిని తయారుచేసిన ఇల్లూ ఊరూ కులమూ గురించి మాట్లాడే పని తప్పుతుంది. కిలాడీ అన్నాక ఆమె బతుకు గురించి ఆలోచించే పని తప్పుతుంది.

ఆ కార్యక్రమాలని చూసి మొహం చిట్లించిన చదువుకున్న వాళ్ళం ఇప్పుడు ఓటీటీల్లో నేర డాక్యుమెంటరీలు చూస్తున్నాం. కెమెరా పనితనం బాగుంది, పరిశోధన ఉంది, ఇంటర్వ్యూలున్నాయి. నా సహోద్యోగులూ, విద్యార్థినులూ వీటి గురించి మాట్లాడుకోవడం రోజూ వింటుంటాను. నేనూ చూస్తాను. ఆడవాళ్ళం వీటిని ఎందుకు చూస్తామని ఒక విద్యార్థినిని అడిగితే, ‘ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది కదా మేడమ్’ అంది. చిన్నప్పట్నుంచీ మనకి భయాన్ని పాఠంగా చెప్పిన సమాజంలో ఆ జవాబు సహజమే. అయితే ఈ డాక్యుమెంటరీలు ఆ పాఠాన్ని ఎవరి నోట చెప్పిస్తున్నాయన్నది సాహిత్య విద్యార్థినిగా నా ప్రశ్న. కథ చెప్పే గొంతు ఎవరిదో చూడకుండా కథని నమ్మకూడదని కదా మనం తరగతిలో చెప్పేది.

ఈ ప్రక్రియలో కుర్చీ ఒకటుంటుంది. వెనక చీకటి, పక్క నుంచి వెలుతురు. అందులో కూర్చునే వాళ్ళలో ఎక్కువ సమయం దొరికేది దర్యాప్తు అధికారికి. కథ ఆయనకి ఫోన్ రావడంతో మొదలవుతుంది, ఆయన కేసు ఛేదించడంతో ముగుస్తుంది. ఒకప్పుడు మన అపరాధ పరిశోధక నవలల్లో పాఠకులు అభిమానించిన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ ప్రయివేటు మనిషి. ఈ డాక్యుమెంటరీల్లో ఆ స్థానం యూనిఫారానిది. ఆ ఫోన్ కన్నా ముందు ఎన్నిసార్లు ఎవరు స్టేషన్ మెట్లెక్కి దిగారన్నది ఉపోద్ఘాతంగా మిగిలిపోతుంది.

2023 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘కర్రీ అండ్ సైనైడ్’నే తీసుకుందాం. దర్శకుడు క్రిస్టో టోమీ. కేరళలో కోళికోడ్ దగ్గర కూడత్తాయిలో 2002 నుంచి 2016 దాకా బంధువుల్లోనే ఆరుగురు చనిపోయారు. 2019 అక్టోబరులో జాలీ జోసఫ్ అనే ఆవిణ్ణి అరెస్టు చేశారు. డాక్యుమెంటరీ వచ్చేనాటికి విచారణ ఇంకా కోర్టులోనే ఉంది. ఇందులో అప్పటి రూరల్ ఎస్పీ కె.జి. సైమన్ దర్యాప్తు ఎలా నడిచిందో చెప్తారు. ఆసక్తిగానే ఉంటుంది. కానీ భర్త 2011లో చనిపోయినప్పుడే పోస్టుమార్టంలో సైనైడ్ బయటపడింది. ఆత్మహత్య అని ఫైలు మూసేశారు. దాన్ని తెరిపించింది అమెరికాలో ఉన్న అతని తమ్ముడి ఫిర్యాదు, ఇక్కడ పట్టువదలని ఆడపడుచు అనుమానం. అమ్మా నాన్నా అన్నా వరసగా పోయిన ఇంట్లో ఆమె ఏళ్ళ తరబడి మోసిన అనుమానం అది. డాక్యుమెంటరీ ఆమెకి చోటిచ్చింది, అందుకు మెచ్చుకోవాలి. పోలీసుల 2011 నాటి ఫైలుకి మాత్రం సంజాయిషీ అడగలేదు. ఆ ఫైలు తర్వాతే, ఆరుగురిలో ముగ్గురు చనిపోయారు. వాళ్ళలో రెండేళ్ళు నిండని పసిపిల్ల ఉంది.

ఈ కథలో నన్ను వెంటాడే వివరం ఇంకొకటుంది. జాలీ తాను కాలికట్ ఎన్ఐటీలో అధ్యాపకురాలినని చెప్పి ఏళ్ళ తరబడి రోజూ ఇంట్లోంచి తయారై బయల్దేరేది. ఉద్యోగం లేదు. అత్తగారు రిటైరైన టీచరు, చదువుకున్న కోడలు ఖాళీగా ఉండకూడదని పట్టు. ‘ఎంత మోసగత్తె’ అన్న స్వరంలో ఈ వివరం వచ్చి వెళ్ళిపోతుంది. ఉద్యోగం ఒక మనిషికి అవసరమా, పెళ్ళి మార్కెట్లో ఒక నగా అన్నది మన ఇళ్ళల్లోనూ తేలని విషయం. లేని చదువూ లేని ఉద్యోగమూ తొడుక్కుని రోజూ గడప దాటడం వెనక ఎంత భయం ఉండుంటుంది? ఇలా అడగడం ఆరు చావుల్ని మాఫీ చేయడం కాదు. ఆరోపణలు రుజువైతే శిక్ష పడాల్సిందే. కానీ ‘కిలాడీ’ అన్న మాట ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళలోకి మారినంత మాత్రాన ఆలోచన మారదు.

ఇంకో రకం కథనం హంతకుడికే కుర్చీ వేస్తుంది. 2023లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన ‘డాన్సింగ్ ఆన్ ది గ్రేవ్’ షకీరే ఖలీలీ హత్య గురించి. మైసూరు దివాన్ సర్ మీర్జా ఇస్మాయిల్ మనవరాలు ఆమె. 1991లో కనిపించకుండా పోయింది. 1994లో బెంగుళూరు రిచ్‌మండ్ రోడ్డులోని ఆమె ఇంటి ఆవరణలోనే శవం దొరికింది. రెండో భర్త శ్రద్ధానంద దోషి అని కోర్టులు తేల్చాయి. 2008లో సుప్రీంకోర్టు అతనికి బతికినంత కాలం జైలు అంది. ఈ సిరీస్‌లో అతను కెమెరా ముందుకొచ్చి తన కథ తాను చెప్పుకుంటాడు. ఆమెకి దక్కింది ఫోటోలు, హోమ్ వీడియోలు. తల్లి ఎక్కడుందని వెంటపడి అడిగి ఫిర్యాదు దాకా తెచ్చింది కూతురు. చనిపోయిన వాళ్ళు మాట్లాడలేరు, నిజమే. వాళ్ళ గురించి ఏం మాట్లాడాలన్నది మాత్రం బతికున్న దర్శకుడి ఎంపిక. చక్కనిది, ధనవంతురాలు, పార్టీలిచ్చేది, భర్తని వదిలి మళ్ళీ పెళ్ళి చేసుకుంది అన్న వరసలో చెప్తే, చూసేవాళ్ళు చివరి మాట దగ్గర కారణం వెతుక్కుంటారు. మన వీధి అరుగుల మీద జరిగే విచారణ కూడా ఇదే వరసలో కదా నడిచేది!

వీటన్నిటిలో నన్ను కదిలించినది 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ఇండియన్ ప్రిడేటర్: మర్డర్ ఇన్ ఎ కోర్ట్‌రూమ్’. దర్శకుడు ఉమేశ్ వినాయక్ కులకర్ణి. నాగపూర్‌లో దళితులు ఎక్కువగా ఉండే కస్తూర్బా నగర్ బస్తీని అక్కూ యాదవ్ అనేవాడు పదేళ్ళకు పైగా వేధించాడు. దోపిడీలు, హత్యలు, అత్యాచారాలు. 2004 ఆగస్టు 13న జిల్లా కోర్టు గదిలోనే ఒక గుంపు వాణ్ణి చంపేసింది. బస్తీ ఆడవాళ్ళు ఆ పని మేమందరం చేశాం, అందర్నీ అరెస్టు చేయండన్నారు. పదేళ్ళ తర్వాత 2014లో సాక్ష్యాలు లేవని నిందితులందర్నీ కోర్టు విడిచిపెట్టింది. కత్తి పట్టింది ఎవరన్నది చట్టం దృష్టిలో తేలలేదు.

ఇక్కడ కుర్చీలో బస్తీ ఆడవాళ్ళు కూర్చున్నారు. ఫిర్యాదు చేస్తే ఆ కబురు స్టేషన్ నుంచే వాడికి చేరేదని వాళ్ళు చెప్తుంటే, పోలీసు కథనం దానంతటదే పగుళ్ళిచ్చింది. ఎవరు దర్యాప్తు చేశారన్న ప్రశ్న పోయి, ఎవరు దర్యాప్తు చేయలేదన్న ప్రశ్న వచ్చింది. ఈ ప్రక్రియకి ఇది చేతనవునని నాకు తెలిసింది ఇక్కడే. అయినా సిరీస్ పేరు ‘ప్రిడేటర్’. ఒక్క మృగం. ఆ మృగానికి పదేళ్ళు గేటు తీసి పెట్టిన వ్యవస్థ పేరు శీర్షికలో లేదు. ఆ ఆడవాళ్ళ కోపం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ చావుని చట్టానికి ప్రత్యామ్నాయంగా చూసి చప్పట్లు కొట్టలేను. చట్టం వాళ్ళ దగ్గరికి రాలేదని చెప్పే సాక్ష్యంగా మాత్రమే దాన్ని చూడగలను.

ఈ తేడా మనకి ఎంత ముఖ్యమో 2019లో హైదరాబాద్ చూపించింది. నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. ఆమె కనిపించడం లేదని వెళ్ళిన ఇంటివాళ్ళని అది తమ పరిధి కాదని తిప్పారన్న ఆరోపణ వచ్చింది. ఫిర్యాదు నమోదులో ఆలస్యానికి ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లారు. వారం కిందటి ప్రశ్న ఆ పూల కింద కప్పడిపోయింది. 2022 మేలో బయటికొచ్చిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదంది, చంపాలనే కాల్చారంది, పదిమంది పోలీసుల్ని హత్యా నేరం కింద విచారించాలంది, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లంది. పూలు చల్లిన దృశ్యం అందరికీ గుర్తుంది. ఆ నివేదిక ఎందరికి గుర్తుంది?

‘తమదైన శైలి’ ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పే కేసు ఇంకొకటి ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపేశారు. 2008లో పోలీసులు ఒక పేద దళిత యువకుణ్ణి చూపించి కేసు ఛేదించామన్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చిలో హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది. ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచాయి. ఇతను కాదు అని మొదట్నుంచీ చెప్తూ వచ్చింది ఎవరు? కూతుర్ని పోగొట్టుకున్న తల్లి. అందరికన్నా ఎక్కువ న్యాయం కోరే మనిషి అబద్ధపు న్యాయం వద్దంది. పోలీసు కుర్చీ నుంచి ఈ కథ చెప్తే 2008లోనే అయిపోతుంది. తల్లి వైపు నుంచి చెప్తే ఇప్పటికీ అవదు.

ఇక దర్యాప్తు చేయాల్సిన వాళ్ళ మీదే ఆరోపణ ఉన్నప్పుడు? 1978 హైదరాబాద్‌లో రమీజాబీని మన ఉద్యమం మరిచిపోలేదు. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీ వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. 2023 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు నిందితుల్ని విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెప్పి, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. దర్యాప్తే నేరంలో భాగమైన ఇలాంటి కథలకి, నేను చూసిన డాక్యుమెంటరీల జాబితాలో చోటు లేదు. అధికారి కూర్చుని గర్వంగా చెప్పుకునే ముగింపు వాటికి లేదు కాబట్టి.

వీటిని చూడొద్దని నేను అనను. చూస్తున్నప్పుడు కొన్ని ప్రశ్నలు చేతిలో ఉంచుకుందాం. మొదటి ఫిర్యాదు ఏ తేదీన ఇచ్చారు, కేసు ఏ తేదీన కట్టారు? మధ్య రోజుల్లో ఆ స్టేషన్లో ఏం జరిగింది? నేరం ఒప్పుకున్నాడంటే, ఎవరి ముందు, ఎన్ని రోజుల కస్టడీ తర్వాత? చనిపోయిన ఆమె గురించి ఆమె స్నేహితురాలు ఏమంది, ఆమెని అడిగారా? కథకులం, విమర్శకులం, పాఠాలు చెప్పేవాళ్ళం ఈ ప్రశ్నల్ని తరగతి గదుల్లోకీ తీసుకెళ్ళొచ్చు. రేపు మన విద్యార్థినుల్లో ఒకరు చేతిలో కాగితంతో స్టేషన్ మెట్లెక్కాల్సి రావచ్చు. ‘జాగ్రత్తగా ఉండాల్సింది’ అన్న కథలే చూసిన అధికారి ఆమెని ఎలా వింటాడు? అవే కథలు చూసిన ఆమె ఆ కాగితంలో ఏం రాయకుండా దాచుకుంటుంది?