ఇరుసుకు ఏ ఇనుము?

అంగుళం మందం, రెండడుగుల చదరం ఉన్న తాండూరు బండ సుమారు 25 కిలోలు తూగుతుంది. బండికి అలాంటివి నలభై ఎక్కిస్తే టన్ను బరువు. బరువులన్నీ ఎడ్లబండ్ల మీదే నడిచిన రోజుల్లో వికారాబాద్, తాండూరు పల్లెల్లో బండి సత్తా ఇరుసు దగ్గరే తేలేది. చక్రం వడ్లాయన పని, ఇనుప ఇరుసు కమ్మరి పని. ఇంట్లో రోబో తయారుచేసుకునే పిల్లలకు ఆ కొలిమి చదువు ఇవాళ్టికీ పనికొస్తుంది.

ఇరుసుకు కావలసింది అన్నిటికన్నా గట్టి ఇనుము కాదు, విరిగేలోపు వంగే ఇనుము. పోత ఇనుము నొక్కుడు బరువును బాగా మోస్తుంది గాని, గుంతలో పడ్డ కుదుపుకు పుటుక్కున విరుగుతుంది. కత్తులకు పేరుమోసిన కోనసముద్రం ఉక్కులో కర్బనం ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉండేది. పదునుకు అది వరం, ఇరుసుకు మాత్రం పెళుసు. 0.2 శాతం అటూఇటూ కర్బనమున్న మైల్డ్ స్టీల్ వంగి ముందే హెచ్చరిస్తుంది, కాల్చి కొడితే మళ్లీ తిన్నగా అవుతుంది.

ఏది ఏ ఇనుమో కనిపెట్టడానికి సానరాయి చాలు. మైల్డ్ స్టీల్‌ను ఆనిస్తే నిప్పురవ్వలు పొడుగ్గా, తిన్నగా గీతల్లా సాగుతాయి. కర్బనం పెరిగేకొద్దీ రవ్వలు పొట్టివై, కొసల్లో కొమ్మలు చీలి పూలలా విచ్చుకుంటాయి. పోత ఇనుము రవ్వలు ఎర్రగా, మందంగా కాస్త దూరంలోనే ఆరిపోతాయి. ఆకురాయి కోయకుండా జారిపోతే ఆ ముక్క కాల్చి ముంచి గట్టిపరచినదని అర్థం.

ఆకారంలోనూ నేర్పుంది. ఇరుసు నడుమ పలకగా ఉండి, కొసలకు గుండ్రంగా సన్నబడుతుంది. ఒక్కసారిగా మెట్టు పడితే ఆ మూలలోనే పగులు పుడుతుంది.

బండి ఇరుసు కదలదు, చక్రమే తిరుగుతుంది. రోబోలో చాలాసార్లు ఇరుసే తిరుగుతుంది. అప్పుడు ప్రతి చుట్టుకూ అది అటూఇటూ వంగుతూ అలిసిపోతుంది. అందుకే మరలున్న కడ్డీ వద్దు, మరల గాడుల్లోనే పగులు మొదలవుతుంది. స్లాబులో వేసే కడ్డీ కూడా వద్దు, దాని గట్టి భాగం పైపొరే, లేతుమీద పట్టిస్తే అదే పోతుంది. నునుపైన బ్రైట్ బార్ తీసుకోండి. ఎక్కువ బరువైతే 0.4 శాతం కర్బనముండే ఈఎన్8 ఉక్కు మేలు. అల్యూమినియం బరువు ఉక్కులో మూడోవంతే గాని, బిగువూ మూడోవంతే. లోహం మార్చే ముందు లావు చూడండి. 6 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 8 వేస్తే బిగువు మూడు రెట్లు దాటుతుంది.

ఇరుసు కన్నా దాని చుట్టూ ఉండే బుష్ మెత్తగా ఉండాలి. అరిగేది చవకైన ఇత్తడి బుష్ కావాలి, ఇరుసు కాకూడదు. బండికి ఆముదం, గడ్డిమసి కలిపిన కందెన పెట్టేవారు, రోబోకు చుక్క గ్రీజు చాలు.

మన కమ్మరులు లోహాన్ని బలంతోపాటు అది ఎలా ఓడిపోతుందో కూడా చూసి ఎంచారు. పిల్లల రోబో పుస్తకాల పక్కన ఆ జ్ఞానానికి చోటివ్వాలి. ఊళ్లో కొలిమి ఇంకా రగులుతుంటే, కడ్డీ కొనే ముందు పిల్లల్ని అక్కడికి పంపండి.