పద్యం చివర పిలుపు

మార్కాపురం పలక మీద కందపద్యం నాలుగు పాదాలూ ఒకవైపే పట్టేవి. రెండోవైపు లెక్కలకు. మా అయ్యవారు పద్యానికి ముందే తాత్పర్యం చెప్పే మనిషి కాదు. రాయించి, "ఎవరు ఎవరిని ఏమని పిలిచారో ఆ మాట కింద గీత గీయండిరా" అనేవారు. బలపం కీచుమంటూ గీసిన ఆ గీతే నాకు తెలిసిన మొదటి వ్యాఖ్యానం.

పోతన భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుడు కొడుకును తొడ మీద కూర్చోబెట్టుకుని, ఏం నేర్చుకున్నావో చెప్పమంటాడు. ప్రహ్లాదుడి జవాబు కందం. నాలుగు పాదాలూ 'చదువు' అన్న మాటతోనే, ఏదో ఒక రూపంలో, మొదలవుతాయి. ప్రాసకైతే రెండో అక్షరం కలిస్తే చాలు, అందుకు వేరే మాటలు బోలెడు. అయినా పోతన అదే మాట పట్టుకున్నాడు. నాయన అడిగింది దాన్నే కదా! అడిగినదాన్ని నాలుగుసార్లు చేతిలో పెట్టి, చివర 'తండ్రీ' అంటాడు పిల్లవాడు. కందంలో రెండో పాదం, నాలుగో పాదం గురువుతో ముగియాలి. అందుకే ఆ పిలుపు దగ్గర గొంతు సాగుతుంది. ఛందస్సే గారాబం చేయిస్తుంది.

కాసేపటికే ఆ తండ్రి అదే తొడ మీంచి కొడుకును కిందికి తోసేస్తాడు.

ఇక, ఇందులో హరిని చూపగలవా అని తండ్రి నిలదీసిన స్తంభం ముందుకు రండి. హరి అంతటా ఉన్నాడని చెప్పే పద్యం తెలుగువాళ్ళందరికీ నోటికొచ్చు. అందులో భక్తి వింటాం గానీ చివరి పిలుపు వినం. అక్కడ 'తండ్రీ' లేదు, 'దానవాగ్రణి' ఉంది. రాక్షసుల పెద్దా, విన్నావా అని. ఇంట్లో మాట సభలోకొచ్చింది. తండ్రి కూడా పేరు పెట్టి పిలవడు. 'డింభక', అంటే కుర్రవాడా, అని మొదలెట్టి, హరిని చెప్పే 'చక్రి' పక్కన 'గిక్రి' తగిలిస్తాడు. కోపమొస్తే మా ఇళ్ళల్లో "చదువూ లేదు, గిదువూ లేదు" అంటారే, అదే ఎత్తిపొడుపు. మూడు లోకాలు గెలిచినవాడి నోట పోతన మన వీధి మాట పెట్టాడు. 1967 నాటి భక్త ప్రహ్లాద సినిమా చూసినవాళ్ళకు ఆ వెటకారం ఎస్వీ రంగారావు గొంతులోనే వినిపిస్తుంది. నాకైతే అందులో అధికారం కంటే ఉక్రోషమే ఎక్కువ. కొడుకు చేజారిపోతున్నాడని తెలిసిన ఉక్రోషం.

మా పడమటి ప్రకాశానికి ఈ కథ దూరపుది కాదు. గిద్దలూరు దగ్గర నల్లమల ఎక్కి అవతల దిగితే అహోబిలం. అక్కడి కొండకొమ్మునే ఉగ్రస్తంభం అంటారు. అడవిలోని చెంచులకు నరసింహుడు ఇంటల్లుడు. తూర్పున అద్దంకి రెడ్డి రాజుల కొలువులో ఉన్న ఎర్రన, పోతన కంటే ముందే నృసింహపురాణం రాశాడు.

స్తంభం పగిలాక నరసింహుడు ఆ రాక్షసుణ్ణి పడుకోబెట్టుకున్నదీ తొడల మీదే. ఆ రాక్షసుడికున్న వరం తప్పకుండా ఇంటా బయటా కాని గడపను, నేలా నింగీ కాని తొడను ఎన్నుకున్నాడని పురాణం చెప్పేవాళ్ళు అంటారు. నిజమే. కానీ కింద గీత గీయడం అలవాటైన చేయి అక్కడ కూడా ఆగుతుంది. కొడుకును తోసేసిన చోటులాంటి చోటనే తండ్రి ప్రాణం పోయింది.

తర్వాత వరం కోరుకోమంటే పిల్లవాడు అడిగింది, తన తండ్రి చేసిన పాపం పోవాలని. ఇప్పుడు హిరణ్యకశిపుడు దానవుల పెద్ద కాదు, మళ్ళీ తండ్రే. దేవుడు సరేనని, వెళ్ళి కర్మకాండ చెయ్యమంటాడు.

మా ఊరి నాటకంలో స్తంభం పగిలేసరికి తూరుపు తెల్లబడేది. హారతి ఇవ్వగానే జనం చాపలు చుట్టుకుని లేచేవాళ్ళు. వేషధారి పిల్లవాడు మాత్రం రంగం మీద చేతులు జోడించుకుని, ఇంకా ఆ వరం అడుగుతూ ఉండేవాడు.