రాతి కోత పేరుతో కాన్పు

"లిథాటమీలో పెట్టండి" అంటుంది నర్సు. బల్ల మీది అమ్మాయి వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, అటూ ఇటూ ఉన్న ఇనుప ఊతాల మీదికి కాళ్లు ఎత్తుతుంది. అరకు కొండల మీద కాన్పు గదుల్లో ఈ మాట వింటూనే ఉంటాను. నిజానికి దీనికి కాన్పుతో ఏ చుట్టరికమూ లేదు. గ్రీకులో లిథోస్ అంటే రాయి, టోమే అంటే కోత. మూత్రాశయంలో రాయిని కోసి తీసే ఆపరేషన్ పేరది. ఆ కోతకు రోగిని పడుకోబెట్టిన తీరే మంత్రసానుల పనిలోకీ చొరబడింది.

మన సుశ్రుతుడు ఆ రాయిని అశ్మరి అన్నాడు. మోకాలెత్తు పలక మీద రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, పైదేహాన్ని బలమైన మనిషి ఒడిలో ఆనించి, నడుము ఎత్తుగా ఉంచి, మోకాళ్లూ మోచేతులూ మడిచి గుడ్డపీలికలతో కలిపి కట్టేయమన్నాడు. వైద్యుడు ఎడమచేతి రెండు వేళ్లు గుదంలోంచి పంపి, రాయిని కిందికి తెచ్చి, సీవనికి (గుదం ముందు నడిమధ్యన కుట్టులా కనిపించే గీతకు) ఎడమవైపు యవగింజంత దూరం వదిలి, రాయి పట్టేంత కోయాలి. ఆపరేషన్ చేసినా బతుకు అనుమానమే కనుక ముందు రాజుకు చెప్పమన్నాడు. అంత జాగ్రత్తపరుడు!

కట్టేయడం ఎందుకో తెలుస్తూనే ఉంది. రోగి కదలకూడదు, కోసేవాడికి చోటు కనపడాలి. నేటికీ మూత్రనాళంలోంచి గొట్టం పంపి లేజర్‌తో రాయిని పొడి చేసేటప్పుడు ఈ భంగిమే. అక్కడ తప్పుపట్టను.

కాన్పుకి వచ్చేసరికే నాకు పేచీ. గూడేల్లో ముసలమ్మలను అడిగితే గొంతుక్కూర్చునో, మోకాళ్ల మీద ఆనో కన్నామంటారు. "పడుకుంటే బిడ్డ కిందికెలా దిగుతాడమ్మా?" అని ఒకావిడ నన్నే ఎదురడిగింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, వెన్నుకు మత్తు ఇవ్వని కాన్పుల్లో, నిటారు భంగిమలతో సహా తల్లికి నచ్చిన తీరునే ప్రోత్సహించమంది.

పట్టుకారు వేయాలన్నా, చిరిగినచోట కుట్టాలన్నా కాళ్లు ఎత్తక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ రోడ్డు లేని ఊరి నుంచి డోలీలో మోయించుకుని వచ్చిన మనిషిని, అంతా సవ్యంగా ఉన్నప్పుడూ అలాగే పడుకోబెట్టడం అలవాటే తప్ప వైద్యం కాదు. కింద ఒక పరుపు, పట్టుకోవడానికి ఒక ఊత, వెనక ఆనుకునేందుకు తోడొచ్చిన అత్తో అక్కో ఉంటే చాలు. బిడ్డ గుండె వినడానికి నర్సు కిందికి వంగాలి, అంతే.