అన్నం తినే కుక్కకి చిరుతిండి

కృష్ణా డెల్టాలో కుక్క అంటే అన్నం తిని పెరిగిన కుక్కే. పొద్దున్న చద్దన్నం, మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలిన పప్పన్నం, రాత్రికి పెరుగన్నం. ప్రకాశం బ్యారేజీ దిగువన కాలవ పారే ఊళ్ళన్నిటిలోనూ వరసగా ఇదే. పెరటి గుమ్మం పక్కన సొట్టపడ్డ సత్తు గిన్నె ఒకటి దానికోసమే ఉండేది. అలాంటి చోట ఇప్పుడు పెట్ షాపుల అద్దాల వెనక 'గ్రెయిన్ ఫ్రీ' అని పెద్దక్షరాలతో రాసిన పాకెట్లు వచ్చి కూర్చున్నాయి. ధాన్యం పండించే వాళ్ళకి ధాన్యం లేదన్నదే గొప్పగా చూపించి, దానికి ఎక్కువ డబ్బులు అడుగుతున్నారు.

మా కుక్క చిట్టికి నేను చేసే బిస్కట్లలోనూ ధాన్యం ఉండదు. అయితే నా కారణం వేరు, ఆ పాకెట్ చెప్పే కారణం వేరు.

పాకెట్ వాదన ఇదీ: కుక్క తోడేలు సంతతి, తోడేలు వరి తినదు, కాబట్టి కుక్కా తినకూడదు. వినడానికి బాగానే ఉంటుంది. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం పరిశోధకులు 'నేచర్' పత్రికలో దీనికి జవాబు లాంటిది రాశారు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కి సంబంధించిన ఒక జన్యువు తోడేలులో 2 ప్రతులే ఉంటే, కుక్కలో 4 నుంచి 30 దాకా ఉన్నాయని చూపించారు. మనిషి సేద్యం మొదలుపెట్టాక అతని గడప చుట్టూ తిరిగిన జంతువు కడుపు కూడా మారిందన్నమాట. చిట్టి వీధికుక్క పిల్ల. మా సందులోనే ఇటుకల గుట్ట వెనక పుట్టింది. దానికి తోడేలు కథలు చెప్పి అన్నం మాన్పించడం నావల్ల కాదు.

పైగా ధాన్యం తీసేస్తే ఆ ఖాళీలో ఇంకేదో పొయ్యాలి కదా. కంపెనీలు బఠాణీలు, మసూరు పప్పు, బంగాళాదుంపలు పోశాయి. ఇలాంటి తిండి తింటున్న కుక్కల్లో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు కనిపిస్తోందని 2018 జులైలో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ జబ్బుని డాక్టర్లు డీసీఎం అంటారు. మరుసటేడు జూన్‌లో ఆ సంస్థ తమ దగ్గరికొచ్చిన 524 కేసుల లెక్క బయటపెట్టింది. ఆ కేసుల్లోని తిండి రకాల్లో నూటికి తొంభైకి పైగా ధాన్యం లేనివే; 93 శాతం వాటిలో బఠాణీయో మసూరో ఉంది. తిండే కారణమని ఇప్పటికీ రుజువు కాలేదు. గట్టి సంగతులేవైనా తేలితే తప్ప ఇక ప్రకటనలు ఇవ్వబోమని 2022 డిసెంబరులో ఆ సంస్థే చెప్పింది. కొట్టిపారేయలేం, బెంబేలూ పడనక్కర్లేదు. మన వైపు వరి కోయబోయే ముందు ఆ పదనులోనే మినుము, పెసర చల్లుతారు. అన్నం వద్దని పప్పుల పాకెట్ కొనడమంటే, మొదటి పంట కాదని అదే చేలో రెండో పంటకి పోవడమే.

ఒంటి మీద దురద పుడితే చాలు, ముందు అన్నం మీద పడతారు మరికొందరు. తిండి పడని కుక్కల మీద జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి 2016లో ఒక లెక్క తీశారు. గొడ్డు మాంసం 34 శాతం, పాలూ పాల పదార్థాలూ 17, కోడిమాంసం 15, గోధుమ 13. వరి ఎక్కడో అడుగున ఉంది. అసలు ఏది పడట్లేదో తేలాలంటే కనీసం ఎనిమిది వారాలు ఒకే రకం తిండి మీద ఉంచి, తర్వాత ఒక్కొక్కటీ కలుపుతూ చూడాలి. అది పశువుల డాక్టరు చెప్పి చేయించే పని. మనకి గన్నవరంలో పశువైద్య కళాశాలే ఉంది. పాకెట్ వెనక రాసింది చదివి వైద్యం మొదలుపెట్టే ముందు అక్కడికి తీసుకెళ్ళడం మేలు.

ఇక నా సంగతి. చిట్టి రెండు పూటలా అన్నమే తింటుంది. అందులో గుడ్డో, ఉడికించిన కోడిముక్కలో కలుస్తాయి, నిజమే. కానీ గిన్నెలో ఎక్కువ భాగం మెతుకే. మళ్ళీ చిరుతిండి పేరుతో మైదా, గోధుమపిండి పెడితే దానికి కొత్తగా ఒరిగేదేమీ లేదు. అన్నంలో లేనిది చిరుతిండిలో ఉండాలన్నది నా పట్టు. నేను పిండి మానేసింది అందుకే. అన్నానికి నేను శత్రువునేం కాదు.

నిజానికి కుక్క బిస్కట్లోకి గోధుమ వచ్చింది కుక్క కోసం కాదు. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్ వెళ్ళి, రేవులో కుక్కలు ఓడవాళ్ళు పారేసిన గట్టి బిస్కట్లు తినడం చూశాడంటారు. గోధుమపిండి, కూరలు, బీట్‌రూట్, ఎండు మాంసం కలిపి 'డాగ్ కేకులు' అమ్మకానికి పెట్టాడు. ఆయన దగ్గర పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో తన పేరుతో మొదలుపెట్టిన కుక్కల ప్రదర్శన ఇప్పటికీ ఇంగ్లండులో జరుగుతోంది. గోధుమపిండి చవక, ముక్క విరగదు, నెలల తరబడి పాడవదు. అవన్నీ సరుకు అమ్మేవాడికి కావలసిన గుణాలు. ఇంట్లో చేసి ఇంట్లోనే పెట్టేదానికి వాటితో పనేముంది?

ఆదివారం కోడిమాంసం దుకాణంలో రద్దీ తగ్గాక వెళ్తే కార్జం, కందనకాయలు విడిగా ఇస్తారు. "అక్కా, ఇంట్లోకా, చిట్టికా?" అని అడుగుతాడు కుర్రాడు. చిట్టికి అంటే పైన కొవ్వు పట్టిన ముక్కలు తీసేసి ఇస్తాడు. బిస్కట్లకి మొదటి సరుకు కార్జం, వంద గ్రాములు చాలు. కార్జంలో విటమిన్ ఏ దండిగా ఉంటుంది, రోజూ పెట్టేది కాదు. నీళ్ళు మరిగాక వేసి, లోపలి ఎరుపు పూర్తిగా పోయే దాకా ఉడికించాలి. వేళ్ళతో చిదిపితే పొడిపొడిగా రాలాలి, సాగకూడదు. ఉడికించిన నీళ్ళు పారబోయకండి, అన్నంలో కలిపితే ఆ పూట గిన్నె నాకి పెడుతుంది.

రెండోది చిలగడదుంప. శివరాత్రి ఉపవాసానికి మనం తినేదే. పావు కిలో దుంపల్ని ఆవిరి మీద ఉడికించండి. నీళ్ళల్లో వేస్తే తడి ఎక్కువై ముద్ద జావగారిపోతుంది. తొక్క తీసి, కార్జంతో కలిపి మెదిపి, ఒక గుడ్డు కొట్టి పొయ్యాలి. గోధుమలోని జిగురు ఇందులో ఉండదు కాబట్టి ముక్కని పట్టి ఉంచేది గుడ్డే. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందున్న రాష్ట్రంలో ఉండి దీనికి మాత్రం లోటు చెయ్యకండి.

మూడోది నాకిష్టమైనది, కొబ్బరి పిప్పి. పాలు తీశాక మిగిలినదాన్ని పళ్ళెంలో పల్చగా పరిచి, గలగలమనేదాకా ఎండబెట్టి మిక్సీ పడితే మెత్తటి పొడి వస్తుంది. బజార్లో కొబ్బరి పిండి అని సీసాల్లో అమ్మేది దాదాపు ఇదే. కొవ్వు కొంత పాలల్లో పోతుంది కాబట్టి కుక్క కడుపుకి అంత బరువు కాదు. ఇది తడిని పీల్చేస్తుంది. రెండు గుప్పెళ్ళు వేసి కలిపి, పది నిమిషాలు అలా వదిలెయ్యండి. తొందరపడి మూడో గుప్పెడు వేశారా, కాలాక రాయవుతుంది. ముద్ద గారెల పిండికి దగ్గరగా ఉంటే సరిపోయినట్టే. ఉప్పు, బెల్లం, నెయ్యి ఏమీ వద్దు. పొంగాల్సిన వస్తువు కాదు కాబట్టి బేకింగ్ పౌడరూ అక్కర్లేదు.

అప్పడాల కర్రకి ఇది లొంగదు, అంటుకుపోతుంది. తడి చేత్తో పళ్ళెంలో అదిమి, చాకుతో అడ్డంగా నిలువుగా గీతలు పెట్టాలి. ఓటీజీ ఉంటే 160 డిగ్రీల మీద అరగంట. బయటికి తీసి గీతల వెంబడి విరిచి, ముక్కల్ని తిరగేసి, 100 డిగ్రీలకి తగ్గించి ఇంకో అరగంట. ఆపేశాక తలుపు తియ్యకుండా చల్లారే దాకా లోపలే ఉంచండి, అసలు ఎండడం అప్పుడే. ఓవెన్ లేదా? మన ఇళ్ళల్లో కేకులు మొదట పొంగింది కుక్కర్లోనే కదా. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, పది నిమిషాలు వేడెక్కాక స్టాండు మీద పళ్ళెం పెట్టి సన్నసెగ మీద ఉంచండి. కరకరలాడవు, కాస్త మెత్తగా ఉంటాయి. పళ్ళు అరిగిన ముసలి కుక్కలకి అవే మంచివి.

ఎండాకాలంలో నేను ఓవెన్ జోలికి పోను. దుంపల్ని సగం ఉడికించి, పొడుగ్గా చీరి, డాబా మీద వడియాల పక్కనే పల్చటి గుడ్డ కప్పి ఎండబెడతాను. కార్జం, చేప మాత్రం ఎండకి వదలకూడదు, పొయ్యి మీదే చెయ్యాలి. చేప అంటే బొచ్చె ముక్క ఉడికించి, ముల్లు చేత్తో వెతికి తీసి చిలగడదుంపలో కలపడం. ఎండు చేపలు వద్దు, వాటిలో ఉప్పు మరీ ఎక్కువ.

వానాకాలం వచ్చిందంటే డెల్టా గాలిలో అప్పడాలే మెత్తబడతాయి. ఈ ముక్కలు బయట డబ్బాలో రెండు రోజులకే వాసనేస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టి వారం లోపు అవగొట్టాలి. బూజు చుక్క కనిపిస్తే ఆ ఒక్క ముక్కే కాదు, డబ్బా మొత్తం పారెయ్యాలి. పాకెట్ బిస్కట్‌తో పోలిస్తే ఇదొక్కటే దీని లోపం.

పక్కింటి పిన్నిగారు మొదట్లో ముక్కున వేలేసుకున్నారు. "ఏమ్మా, మనుషులకే వండుకునే తీరిక లేదంటారు, కుక్కకి బిస్కట్లా!" అన్నారు. ఆవిడ శాకాహారులు. కార్జం వాసనకి కిటికీ రెక్కలు వేసుకుంటారు. కొన్నాళ్ళకి తీపి గుమ్మడికాయ ముక్క పట్టుకొచ్చి, "దీంతో అవుతాయేమో చూడు, మాకు ఇంత ఎలాగూ చెల్లదు" అన్నారు. అయ్యాయి. గుమ్మడి ఆవిరి మీద ఉడికించి, దోరగా వేయించిన శనగపిండి, కొబ్బరి పొడి కలిపితే గుడ్డు లేకుండానే నిలబడతాయి. శనగపిండీ పప్పుదే కదా అంటారేమో. ఎఫ్‌డీఏ భయం రోజూ కడుపు నింపే తిండి గురించి, వేలిగోరంత ముక్క గురించి కాదు.

వేలిగోరంత అని ఊరికే అనలేదు. చిరుతిండి రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెబుతారు. పది కిలోల కుక్కకి రోజుకి సుమారు 600 కేలరీలు అనుకుంటే, అందులో పదో వంతు 60. ఒక్క ఉడికించిన గుడ్డుకే ఆ లెక్క దాటిపోతుంది. అపార్ట్‌మెంట్లలో సోఫా దిగని లాబ్రడార్లు ఊబకాయంతో రొప్పుతున్నాయంటే కారణం అన్నం కాదు, మనం తినే ప్రతిదాంట్లో దానికీ ఓ ముక్క విసరడం. కుక్కకి ముక్క సైజు పట్టదు, ఎన్నిసార్లు పెట్టారన్నదే పడుతుంది. చిన్నవి చెయ్యండి.

సందులో కుక్కలకీ ఇవి పంచుతుంటాను. చాలామంది గ్లూకోజ్ బిస్కట్ల పాకెట్ చింపి వేస్తారు. దయ మంచిదే, అది మైదా, పంచదార. ఎక్కడ పెట్టాలన్నదానికీ ఇప్పుడు పద్ధతి ఉంది. వీధికుక్కలకి రోడ్ల మీద కాకుండా, వార్డుల వారీగా కేటాయించిన చోట్లలోనే తిండి పెట్టాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ వార్డులో ఆ చోటు ఏదో కార్పొరేషన్‌ని అడగండి.

పెట్టకూడనివి చాలామందికి తెలుసు: చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, ఉడికిన ఎముకలు, ద్రాక్ష, కిస్‌మిస్. పంచదార లేదని అమ్మే వేరుశనగ బటర్‌లో జైలిటాల్ ఉంటే అదీ ప్రమాదమే. మన ఇళ్ళల్లో తెలియాల్సింది ఇంకొకటుంది, చింతపండు. ద్రాక్షతో కుక్కల మూత్రపిండాలు ఎందుకు దెబ్బతింటాయో చాలాకాలం అంతుపట్టలేదు. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసిన పిండిముద్ద తిన్న కుక్కకీ అదే జబ్బు రావడంతో, అందులో కలిపిన క్రీమ్ ఆఫ్ టార్టార్ (టార్టారిక్ ఆమ్లపు లవణం) మీద అమెరికాలోని ఏఎస్‌పీసీఏ విష నియంత్రణ కేంద్రం డాక్టర్లకి అనుమానం తగిలింది. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే దోషి కావచ్చని 2021లో రాశారు. 2022లో వాళ్ళే చింతపండు తిన్న కుక్కల్లోనూ మూత్రపిండాలు పాడైన కేసులు ప్రచురించారు. చింతపండులో ఆ ఆమ్లం పుష్కలం.

అంచేత పండగనాడు పులిహోర మిగిలినా, పులుసులో కలిపిన అన్నం మిగిలినా కుక్క గిన్నెలో వెయ్యకండి. కిస్‌మిస్ వేసిన లడ్డూ, చక్రపొంగలీ అంతే. తిన్నట్టు తెలిస్తే వాంతులు మొదలయ్యేదాకా చూడకుండా, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.