యంత్రానికో ఎస్.ఓ.పి.: దాని కింద సంతకం ఎవరిది?

భిలాయ్‌లో మరోదా సెక్టారు పిల్లల్ని అడగండి, 'ఎస్.ఓ.పి.' అంటే చెబుతారు: ఉక్కు కర్మాగారంలో ఏ పని ఏ వరుసలో చెయ్యాలో, ఎక్కడ ఆగాలో తెలిపే కాగితం. ఆంత్రోపిక్ సంస్థ 2025 అక్టోబరులో తన కృత్రిమ మేధ సహాయకి క్లాడ్‌కు జోడించిన 'స్కిల్స్' ఇంచుమించు ఇవే. ఒక ఫోల్డరు, అందులో సూచనల ఫైలు, కావాలంటే చిన్న చిన్న ప్రోగ్రాములు. అంతే.

కిటుకంతా చదివే తీరులో ఉంది. మొదట యంత్రం ప్రతి స్కిల్ పేరూ, క్లుప్త వివరణా మాత్రమే చూస్తుంది. పనికొస్తుందనుకుంటేనే లోపలి సూచనలు తెరుస్తుంది. అందువల్ల స్కిల్స్ ఎన్ని ఉన్నా దాని జ్ఞాపకం మీద పెద్దగా బరువు పడదు. మెచ్చుకోవలసిన ఏర్పాటే.

చిక్కూ అక్కడే ఉంది. వివరణలో 'ప్రయోగశాల పనులకు' అని ఊరుకుంటే యంత్రం దాన్ని అసలు ముట్టకపోవచ్చు. 'టైట్రేషన్ రీడింగుల నుంచి గాఢత లెక్కించడానికి' అనండి, ముట్టే అవకాశం ఎక్కువ. ముట్టినా ప్రతి మెట్టూ పాటిస్తుందన్న హామీ లేదు సుమా!

2025 డిసెంబరులో ఈ పద్ధతిని బహిరంగ ప్రమాణంగా విడుదల చేశారు. ఒకరు రాసిన స్కిల్‌ను ఇతర కంపెనీల సహాయకులూ వాడవచ్చు. అందులో దొంగ ఆదేశం దాగి ఉంటే మీ ఫైళ్లు బయటికి పోగలవు. కర్మాగారపు కాగితం కింద ఆమోదించిన అధికారి సంతకం ఉంటుంది. ముక్కూమొహం తెలియనివారి స్కిల్‌ను దించుకున్నప్పుడు ఆ తనిఖీ మీ మీదే పడుతుంది.