వంశదోషమా, అంటువ్యాధియా?

నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ 1881లో ప్రకటించిన ‘ఘోస్ట్స్’ నాటకములో ఆస్వాల్డ్ అను యువ చిత్రకారుడు మెదడు చెడి పతనమగును. ఇది తండ్రి పాపఫలమని పారిస్ వైద్యుడు చెప్పును. తల్లి ఉత్తరములలో భర్తను పొగడుచు వచ్చుటచే కుమారుడామాట నమ్మక తన్నే నిందించుకొనును. రోగము పేరు నాటకములో ఎక్కడను లేదు. అది సిఫిలిస్, అనగా సవాయి, అని చదువరులు గ్రహించిరి.

దాచిన నిజము బిడ్డను కబళించుటను చూపుటలో ఇబ్సెన్ ప్రతిభ గొప్పది. శాస్త్రదృష్టితో చూచిన ఒక లోపము గలదు. సవాయి ఆస్తివలె తండ్రినుండి నేరుగా బిడ్డకు సంక్రమించునది కాదు. 1905లో షాడిన్, హాఫ్‌మన్‌లు కనుగొన్న మెలికల సూక్ష్మజీవి దీనికి కారణము. అది భర్తనుండి భార్యకు సోకి, ఆమె రక్తమునుండి మావి ద్వారా గర్భస్థశిశువును చేరును. నాటకములో తల్లి ఆరోగ్యవతిగనే కనబడును. ఇది అసంభవము కాదు. ఏ లక్షణమును చూపక ఈ వ్యాధి ఏండ్ల తరబడి దాగియుండగలదు. అపాయమంతయు ఇచ్చటనే యున్నది. చికిత్స లేనిచో గర్భస్రావము, మృతశిశు జననము సంభవింపవచ్చును. బ్రతికిన బిడ్డకు ఎముకలు, కన్నులు, చెవులు, మెదడు చెడవచ్చును.

ఇబ్సెన్ ఈ నాటకము వ్రాసిననాడు రక్తపరీక్ష లేదు; అది 1906లో వచ్చెను. 1943లో పెన్సిలిన్ ఈ వ్యాధిని కుదుర్చునని తేలెను. నేడు గర్భము తెలిసిన తొలిదినములలోనే పరీక్షించి, అవసరమైన పెన్సిలిన్ సూదిమందు నిచ్చినచో బిడ్డను చాలవరకు కాపాడవచ్చును. భర్తకును చికిత్స జరుగవలెను. లేనిచో ఆమెకు మరల సోకును.

ఈ నాటకమును బోధించు ఉపాధ్యాయుడు ఈ భేదమును తప్పక చెప్పవలెను. పాపఫలమన్నచో జనులు సిగ్గుపడి దాతురు. అంటువ్యాధి యన్నచో పరీక్ష చేయించుకొందురు.