ముందు చక్రాల బరువు

పాత జీపుకు ఇంజిన్ మార్పించినవాళ్ళు మొదట్లో పికప్ గురించే మాట్లాడతారు. కొన్నాళ్ళకు భుజాల నొప్పి గురించి మాట్లాడటం మొదలవుతుంది. ఆ తర్వాతే పవర్ స్టీరింగ్ మాట వస్తుంది. దాన్ని సుఖం కోరి చేయించుకునే పని అనుకుంటారు చాలామంది. ఇంజిన్ మార్చినప్పుడే మీదపడ్డ అప్పును ఆలస్యంగా తీర్చడం అది అని నా ఉద్దేశం.

మన రోడ్ల మీద తిరిగిన సీజే-3బీ జీపునే తీసుకుందాం. దాని ముక్కు అంత ఎత్తుగా ఉండటానికి కారణం హరికేన్ అనే 2.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్. పాత విల్లీస్ ఇంజిన్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి. ఇందులో ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లోకి ఎక్కాయి, ఇంజిన్ ఎత్తు పెరిగింది, దానికి తగ్గట్టు బోనెట్ లేచింది. మంచి ఇంజిన్, కానీ పెట్రోల్ తాగేది. అందుకే మెటాడోర్ వ్యాన్ డీజిల్, ఆ తర్వాత పూజో డిజైన్‌తో వచ్చిన ఎంఎం 540 డీజిల్, దొరికిన ఊళ్ళో దొరికిన ఇంజిన్ ఈ జీపుల్లోకి దిగాయి. హర్యానాలోని డబ్వాలీకి జీపులను మళ్ళీ కట్టే ఊరుగానే పేరు వచ్చింది. మనకు ఆ పనికి విజయవాడ ఆటోనగర్ ఉంది. అక్కడ గుజిరీలో గేర్‌బాక్సు, పక్క వీధిలో లేత్, ఆ పక్కన వెల్డింగ్ దొరుకుతాయి.

డీజిల్ ఇంజిన్ బరువు దాదాపు అంతా ముందు ఇరుసు మీదే పడుతుంది. అది చాలదన్నట్టు, 6.00-16 సన్న టైర్లు తీసేసి వెడల్పాటివి వేస్తారు. అవి కమాన్ కట్టలకు తగలకుండా రిమ్ములు బయటికి జరుపుతారు. చక్రం పక్కకు తిరిగే కింగ్ పిన్ గీతకీ టైరు నేలను పట్టుకునే చోటుకీ మధ్య దూరం పెరిగేకొద్దీ, బండి నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పడం టైరును నేల మీద ఈడ్వడమే అవుతుంది. రాయి తగిలితే ఆ దూరమే మీట అయి స్టీరింగ్‌ను వెనక్కి విసురుతుంది. కొండదారుల్లో పాత డ్రైవర్లు బొటనవేళ్ళను స్టీరింగ్ చట్రం లోపలికి పోనివ్వరు. స్పోకు తిరిగి కొడితే వేలు విరుగుతుంది. బొర్రా దగ్గర కటికి జలపాతానికి టూరిస్టులను మోసే జీపుల్లో ఎక్కితే డ్రైవర్ల చేతులు గమనించండి.

ఆ స్టీరింగ్ మూలం రాస్ కంపెనీ బాక్సు. స్టీరింగ్ కడ్డీ చివర మెలిగాడి, ఆ గాడిలో నడిచే రెండు మొనలున్న మీట. తేలిక బండికి అది చాలు. గాడి మధ్యభాగం, అంటే బండి తిన్నగా పోయేటప్పుడు మొనలుండే చోటే, ముందుగా అరుగుతుంది. దాని తర్వాత డ్రాగ్ లింక్, మధ్యలో బెల్ క్రాంక్, అక్కడి నుంచి చక్రాల దాకా రెండు టై రాడ్లు. ప్రతి కీలూ కాస్త కాస్త లూజవుతూ వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: బాక్సు నుంచి స్టీరింగ్ దాకా కడ్డీ ఒకే ముక్క. ఎదురుగా గుద్దుకుంటే అది నేరుగా డ్రైవరు ఛాతీ మీదికి వస్తుంది. కొత్త బాక్సు పెడితే మధ్యలో యూనివర్సల్ జాయింట్లు, ఒకదాంట్లోకి ఒకటి జారే కాలమ్ కూడా వస్తాయి. పవర్ స్టీరింగ్‌కు నేను వేసే ఓట్లలో సగం దీనికే.

ఇప్పటి పవర్ స్టీరింగ్ పద్ధతి పుట్టి దాదాపు వందేళ్ళయింది. పియర్స్ ఆరో లారీల విభాగంలో ఇంజనీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ 1920ల్లోనే నడిపి చూపించాడు. అమ్మకానికి వచ్చిన కారులో మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తోనే కనబడింది. మనిషి స్టీరింగ్ తిప్పగానే బాక్సులో సన్నటి టార్షన్ కడ్డీ కొద్దిగా మెలితిరుగుతుంది. ఆ మెలికతో వాల్వు తెరుచుకుంటుంది, ఆయిల్ పిస్టన్‌కు ఒక వైపు ఒత్తుతుంది. ఆయిల్ అడ్డుగా ఉంటుంది కనుక రాళ్ళ దెబ్బ కూడా చేతికి మెత్తగానే చేరుతుంది. బెల్టు మీద నడిచే పంపు 70 నుంచి 100 బార్ దాకా ఒత్తిడి ఇస్తుంది. టైర్లో మనం కొట్టించే గాలి 2 బార్.

మారిన ఇంజిన్‌తో తంటా ఇక్కడే. అది ఈ జీపు కోసం పుట్టింది కాదు. ఎటు వైపు ఖాళీ ఉందో, సైలెన్సర్ మానిఫోల్డ్ ఏ పక్క కాలుతోందో, ఆయిల్ ఫిల్టర్ ఎక్కడ వేలాడుతోందో చూశాకే బాక్సు చోటు తేలుతుంది. పంపు పుల్లీ క్రాంక్ పుల్లీతో ఒకే గీతలో లేకపోతే బెల్టు అరుస్తుంది, తెగుతుంది. పుల్లీ సైజు కూడా లెక్కే. డీజిల్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పంపుకు పెద్ద పుల్లీ వేస్తే ఐడిల్‌లో ఆయిల్ అందక, సరిగ్గా పార్కింగ్ చేసేటప్పుడే స్టీరింగ్ బిగుసుకుంటుంది. అమెరికాలో అమ్మే కిట్లు ఎడమ చేతి బళ్ళవి. మనకు కుడి చేతి బాక్సు గుజిరీలో వెతుక్కోవాల్సిందే. ఆ బాక్సు పాత బండిలో డ్రాగ్ లింక్‌ను తోసే పిట్‌మన్ ఆర్మ్ ముందుకు చూసేలా ఉండేదా, వెనక్కి చూసేలా ఉండేదా అని అడక్కుండా బిగిస్తే, కుడికి తిప్పితే ఎడమకు పోయే జీపు తయారవుతుంది.

ఇంతవరకు చెప్పింది కొనుక్కుంటే వచ్చే భాగం. అసలు పని చాసీ మీద ఉంది. పాత బాక్సు మనిషి చేతి బలాన్ని మాత్రమే చాసీకి ఆనించేది. కొత్తది పంపు బలాన్ని కూడా ఆనిస్తుంది. రాతి సందులో చక్రం ఇరుక్కున్నప్పుడు తిరగలేని చక్రం తిరగదు, బాక్సే చాసీని పెళ్ళగించాలని చూస్తుంది. అందుకే మంచి మిస్త్రీ రేకు మీద నేరుగా బోల్టు బిగించడు. చాసీ పట్టీలో అడ్డంగా గొట్టపు ముక్కలు దూర్చి వెల్డింగ్ చేస్తాడు, బోల్టు వాటిలోంచి పోతుంది, బిగించినప్పుడు పట్టీ నలగదు. బయట దళసరి ప్లేటు పెట్టి, దాని అంచులను నిలువు గీతలో కాకుండా ఏటవాలుగా కోస్తాడు. నిలువుగా వెల్డింగ్ చేస్తే పగులు ఆ గీత వెంటే నడుస్తుంది. అవతలి పట్టీ దాకా ఒక అడ్డ కడ్డీ కూడా వేస్తాడు. ఇవేవీ బయటికి కనబడవు, బిల్లులో కూడా ఒక లైనే. పని బాగుందో లేదో తెలుసుకోవాలనుకునేవాళ్ళు పంపు బ్రాండు కాదు, ఆ ప్లేటు కింద తల పెట్టి చూడాలి.

తర్వాత కొలతలు. డ్రాగ్ లింక్ వీలైనంత ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. ఏటవాలు ఎక్కువైతే గుంతలో కమాన్ కట్ట నలిగినప్పుడల్లా బండి తనంతట తనే పక్కకు లాగుతుంది. ఈ చివర నుంచి ఆ చివరికి స్టీరింగ్ ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కబెట్టి, సగంలో ఆపి, ముందు చక్రాలు తిన్నగా ఉండగా పిట్‌మన్ ఆర్మ్ బిగించాలి. బాక్సు తన చివరి దాకా తిరగకముందే చక్రాల దగ్గర స్టాపు బోల్టు తగలాలి. లేదంటే పంపు తన పూర్తి ఒత్తిడితో బాక్సు లోపలి భాగాలను తన్నుతుంటుంది. స్టీరింగ్ ఆయిల్‌లోని గాలి తీసేటప్పుడు ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ ఆఫ్‌లోనే ఈ కొసకూ ఆ కొసకూ మెల్లగా తిప్పుతూ ఆయిల్ పోయాలి. తొందరపడి ఇంజిన్ వేస్తే ఆయిల్ నురగ కట్టి పంపు మూలుగుతుంది.

అరిగిన టై రాడ్ చివర్లు, కింగ్ పిన్ బేరింగులు మార్చకుండా పవర్ స్టీరింగ్ బిగించడం మాత్రం నాకు అసలు నచ్చని పని. మామూలు స్టీరింగ్ లూజు చేతికి తెలుస్తుంది, డ్రైవరు భయపడి షెడ్డుకు తెస్తాడు. పవర్ ఆ లూజును కప్పేస్తుంది.

ఈమధ్య చిన్న కార్ల ఎలక్ట్రిక్ స్టీరింగ్ కాలమ్ తెచ్చి జీపులో పెడుతున్నారు. పంపు లేదు, గొట్టాలు లేవు, ఏ ఇంజిన్‌తోనూ గొడవ లేదు. కానీ ఆ మోటారు బలం బాక్సుకు పై నుంచి వస్తుంది, అంటే అరిగిన పాత మెలిగాడి మీదే పడుతుంది. మంచి స్థితిలో ఉన్న బాక్సుకైతే సరే.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగానే చెప్పింది. ఆర్సీలో స్టీరింగ్‌కు గడి లేదు కదా అని ధీమా పడేవాళ్ళున్నారు. ఇంజిన్ నంబరుకు, ఇంధనానికి ఉంది. ముందు ఆ కాగితం ఆర్టీఓ ఆఫీసులో సరిచేయించుకోకుండా స్టీరింగ్ మీద డబ్బు పోయడంలో అర్థం లేదు.

హరికేన్ ఇంజిన్ ఇంకా లోపలే ఉండి, సన్న టైర్లతోనే నడుస్తున్న 3బీ మీ దగ్గరుంటే, దానికి ఇవేవీ అక్కర్లేదు. బెల్ క్రాంక్ బుష్‌లు మార్పించండి, బాక్సులో మీట మొనల లూజు సరిచేయించండి. కదులుతుండగా మాత్రమే తిప్పడం అలవాటు చేసుకుంటే చాలు.